టెడ్డీబేర్ ప్రియులు: ఒక బొమ్మ వెనుక దాగిన శాస్త్రము

1994 డిసెంబరులో లండన్ నగరమందలి క్రిస్టీస్ వేలంశాలలో ఒక బొమ్మను పాటకు పెట్టినారు. అది 1904 ప్రాంతమున జర్మనీలో తయారైన ఎలుగుబంటి బొమ్మ. దాల్చినచెక్క రంగు నూగుబట్టతో కుట్టి, లోపల చెక్కపోగులు కూరినది. పేరు ‘టెడ్డీ గర్ల్’. బ్రిటిష్ సైన్యములో పనిచేసిన కర్నల్ బాబ్ హెండర్సన్ తన చిన్ననాటి నుండి 1990లో మరణించేవరకు దానిని వదలలేదు. పాట పెరిగి పెరిగి 1,10,000 పౌనులకు చేరినది. జపాను దేశములో ఇజు అనే చోట నెలకొల్పదలచిన బొమ్మల మ్యూజియము కొరకు యోషిహిరో సెకిగుచి అనే వ్యాపారి దానిని కొన్నాడు. ఆ సొమ్ముతో ఆనాడు ఇంగ్లండులో ఒక మంచి ఇల్లు వచ్చేది.

ఆ బొమ్మలో ఉన్న బట్ట, దారము, చెక్కపోగులు, రెండు కళ్ళు - వీటన్నిటి ఖరీదు లెక్కకట్టితే ఏపాటి? మిగిలిన విలువ అంతా ఎక్కడినుండి వచ్చినది? ‘పెద్దవాళ్ళకు బొమ్మల పిచ్చి’ అని నవ్వి ఊరుకుంటే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. జంతువుల నడవడిని పరిశీలించే శాస్త్రము, మనస్తత్వశాస్త్రము, పీచుల రసాయనము, కీటకశాస్త్రము - ఇవన్నీ తలా ఒక చేయి వేస్తేనే జవాబు తేలుతుంది.

టెడ్డీబేర్లను ప్రేమించి సేకరించేవారిని పాశ్చాత్య దేశములలో ‘ఆర్క్టోఫైల్’ అంటారు. గ్రీకు భాషలో ‘ఆర్క్టోస్’ అంటే ఎలుగుబంటి, ‘ఫిలోస్’ అంటే ప్రియుడు. మనము సప్తర్షి మండలమని పిలిచే నక్షత్రముల గుంపు గ్రీకులకు పెద్ద ఎలుగుబంటిగా కనిపించినది. ఆ చుక్కలు ఉత్తరపు దిక్కున ఉంటవి గనుక ఉత్తర ధ్రువ ప్రాంతమునకు ‘ఆర్కిటిక్’ అనే పేరు వచ్చినది. మంచుగడ్డల ధ్రువమునకు, పిల్లల బొమ్మను ప్రేమించే పెద్దలకు పేరు ఒకే మాటనుండి రావటము ఒక వింత.

పేరు పుట్టిన విధము

1902 నవంబరులో అమెరికా అధ్యక్షుడు థియొడర్ రూజ్వెల్టు మిసిసిపి రాష్ట్రమునకు ఎలుగుల వేటకు వెళ్ళినాడు. వేటకు దారి చూపినవాడు హోల్ట్ కోలియర్ అనే నీగ్రో జాతి వేటగాడు. బానిసగా పుట్టిన ఆయన ఆ అడవులను ఎరిగినంతగా మరొకరు ఎరుగరు. కుక్కలు ఒక ఎలుగును తరిమి అలసింపగా, కోలియర్ దానిని త్రాటితో పట్టి చెట్టుకు కట్టి అధ్యక్షుని కొరకు కబురు పంపినాడు. కట్టివేసిన జంతువును కాల్చటము వేటగాని ధర్మము కాదని రూజ్వెల్టు తుపాకి ఎత్తలేదు. అయితే గాయపడిన ఆ జంతువు బాధపడకుండ చంపివేయుమని చెప్పినాడు. దానిని కత్తితో చంపినారు. కథను చెప్పేవారు సాధారణముగా ఈ చివరి భాగమును విడిచిపెట్టుతారు.

అదే నెల 16వ తేదీన క్లిఫర్డ్ బెరీమన్ అనే చిత్రకారుడు ఈ సంఘటనను ‘వాషింగ్టన్ పోస్ట్’ పత్రికలో వ్యంగ్యచిత్రముగా గీసినాడు. తరువాతి చిత్రములలో ఆయన ఎలుగును మరింత చిన్నదిగా, ముద్దుగా గీస్తూ వచ్చినాడు. న్యూయార్కు నగరములోని బ్రూక్లిన్ లో చిన్న దుకాణము నడిపే మారిస్ మిచ్టమ్, ఆయన భార్య రోజ్ ఆ బొమ్మను చూచి గుడ్డతో ఒక ఎలుగును కుట్టి ‘టెడ్డీ ఎలుగు’ అని పేరు పెట్టి అమ్మకమునకు ఉంచినారు. ‘టెడ్డీ’ అనేది రూజ్వెల్టు ముద్దుపేరు.

సరిగా అదే కాలమున, ఈ సంగతితో సంబంధమే లేకుండ, జర్మనీలోని గీంగెన్ అనే ఊరిలో మరొక ఎలుగు తయారవుతున్నది. అక్కడి బొమ్మల కర్మాగారమును స్థాపించినది మార్గరెట్ స్టైఫ్ (1847-1909). ఏడాదిన్నర వయసులో పోలియో సోకి ఆమెకు కాళ్ళు పడిపోయినవి. కుడిచేయి కూడ బలహీనపడినది. చక్రాల కుర్చీలోనే ఉండి కుట్టుపని నేర్చుకొన్నది. 1880లో సూదులు గుచ్చుకొనటానికని ఆమె కుట్టిన చిన్న ఏనుగును పిల్లలు ఆటబొమ్మగా చేసుకొన్నారు. ఆ విధముగా వ్యాపారము మొదలైనది. ఆమె అన్నదమ్ముల పిల్లలలో ఒకడైన రిచర్డ్ స్టైఫ్ జంతుప్రదర్శనశాలలో ఎలుగులను చూచి చిత్రములు గీసుకొని, 1902లో కాళ్ళు చేతులు కదిలే నూగుబట్ట ఎలుగును రూపొందించినాడు. దాని పేరు ‘55 పీబీ’. 55 అనేది సెంటీమీటర్లలో ఎత్తు. ‘పీ’ నూగుబట్టకు, ‘బీ’ కదిలే అవయవములకు గుర్తులు. 1903లో లైప్జిగ్ సంతలో ఒక అమెరికా వ్యాపారి 3000 బొమ్మలు కావాలన్నాడని ఆ సంస్థ చరిత్ర చెపుతున్నది. 1907 నాటికి అక్కడ ఏటా తయారైన ఎలుగుల సంఖ్య సుమారు 9,74,000కు పెరిగినది. ఇంత జరిగినా మొట్టమొదటి 55 పీబీ బొమ్మలలో ఒక్కటైనా మిగిలినట్లు ఆధారము లేదు.

బొమ్మ ముఖము మారిన తీరు

1900 ప్రాంతపు టెడ్డీబేరును, ఈనాటి దానిని ప్రక్కప్రక్కన నిలిపితే భేదము వెంటనే తెలుస్తుంది. పాతదానికి నిజమైన ఎలుగు వలె పొడుగాటి మూతి, వీపున గూని, సన్నని పొడవైన చేతులు ఉంటవి. కొత్తదానికి గుండ్రని తల, ఎత్తైన నుదురు, పొట్టి మూతి, పొట్టి చేతులు. ఎవరూ పథకము వేసుకొని చేయని ఈ మార్పు ఎట్లా జరిగినది?

1943లో ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు కోన్రాడ్ లోరెంజ్ ఒక ప్రతిపాదన చేసినాడు. శరీరముతో పోల్చితే పెద్దదైన తల, ఉబ్బెత్తు నుదురు, ముఖములో కొంచెము దిగువగా ఉండే పెద్ద కళ్ళు, బూరెబుగ్గలు, పొట్టి అవయవములు - ఇవి పసిబిడ్డ లక్షణములు. వీటిని చూడగానే పెద్దలలో బిడ్డను దగ్గరకు తీసుకోవాలనే ప్రేరణ తనంతట తానే కలుగుతుందని, ఈ ప్రేరణ కుక్కపిల్లను చూచినా, పక్షిపిల్లను చూచినా పనిచేస్తుందని ఆయన భావించినాడు. చిరకాలము పెద్దల సంరక్షణలో పెరగవలసిన మానవశిశువునకు ఇటువంటి ప్రేరణ ప్రాణాధారము. 2009లో ప్రచురించిన ఒక పరిశోధనలో, పసిబిడ్డల ఫొటోలలో ఈ లక్షణములను హెచ్చించి తగ్గించి స్త్రీలకు చూపినారు. హెచ్చించిన ముఖములను చూచినపుడు మెదడులో సంతృప్తికి సంబంధించిన ఒక కేంద్రము ఎక్కువ చురుకుగా పనిచేసినట్లు తేలినది.

1985లో కేంబ్రిడ్జిలో హైండ్, బార్డెన్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ ఊహను బొమ్మలకు వర్తింపజేసి చూచినారు. ఒక ప్రదర్శనలో ఉంచిన వివిధ కాలముల టెడ్డీబేర్ల తలలను కొలిచినారు. కంటినుండి నడినెత్తికి ఎంత దూరము, కంటినుండి తల అడుగుభాగమునకు ఎంత దూరము, మూతి కొననుండి తల వెనుకభాగమునకు ఎంత దూరము - ఈ కొలతలను నిష్పత్తులుగా వ్రాసినారు. సంవత్సరములు గడచిన కొద్దీ నుదురు పెరిగి, మూతి పొట్టిదైనట్లు ఆ నిష్పత్తులు స్పష్టము చేసినవి.

ప్రకృతివరణములో వలెనే ఇక్కడ కూడ మూడు మెట్లు ఉన్నవి. తయారుచేసేవారి చేతిలో బొమ్మకు బొమ్మకు కొద్దిపాటి తేడాలు వస్తవి. కొనేవారు వాటిలో కొన్నింటిని ఎక్కువగా ఎన్నుకొంటారు. బాగా అమ్ముడైన రకమునే వ్యాపారి మళ్ళీ తయారుచేయిస్తాడు. బొమ్మ పిల్లలను కనదు. కాని దుకాణపు లెక్కల పుస్తకము ఆ పని చేసిపెట్టుతుంది.

ఎన్నుకొనేవారు ఎవరు? పిల్లలా, పెద్దలా? ఈ ప్రశ్నను 1995లో మారిస్, రెడ్డి, బంటింగ్ అనే ముగ్గురు పరీక్షించినారు. 4, 6, 8 సంవత్సరముల పిల్లలకు పసిముఖపు ఎలుగులను, పెద్దముఖపు ఎలుగులను చూపి ఎన్నుకోమన్నారు. 6, 8 ఏళ్ళవారు పసిముఖమునే కోరుకొన్నారు. 4 ఏళ్ళవారిలో అటువంటి మొగ్గు కనిపించలేదు. అంటే పక్కలో పెట్టుకొని పడుకొనే వయసు పిల్లలకు ఆ పొట్టి మూతి ముఖ్యము కాదన్నమాట. బొమ్మ ముఖమును మార్చినది దానితో ఆడుకొనేవారు కాదు, డబ్బు చెల్లించేవారు! టెడ్డీబేర్ మొదటినుండి పెద్దల మనస్సును కూడ ఆకర్షిస్తూ వచ్చినదని దీనివల్ల తెలుస్తున్నది.

పసివాని తోడు

మరి పసివానికి దానిలో కావలసినది ఏమిటి? 1958లో అమెరికాలో హారీ హార్లో తన కోతిపిల్లల ప్రయోగములను వెల్లడించినాడు. తల్లినుండి వేరుచేసిన పిల్లలకు రెండు కృత్రిమపు తల్లులను అమర్చినాడు. ఒకటి ఉత్త తీగలతో చేసినది, రెండవది మెత్తని బట్ట చుట్టినది. తీగతల్లి దగ్గరే పాలు దొరికినప్పటికీ పిల్లలు పాలు త్రాగేటంతసేపే దానివద్ద ఉండి, మిగిలిన కాలమంతా బట్టతల్లిని కరచుకొని గడిపినవి. భయము కలిగినప్పుడు పరుగెత్తినది కూడ దాని వద్దకే. ఆ పిల్లలు పడిన బాధను తలచుకొంటే ఇటువంటి ప్రయోగమును ఈనాడు సమర్థించటము కష్టము. కాని మెత్తని స్పర్శ ఆహారమువలెనే జీవికి అవసరమని అది నిరూపించినది.

ఇంగ్లండులో పిల్లల వైద్యుడు, మనోవిశ్లేషకుడు అయిన డోనాల్డ్ వినికాట్ 1951లో చదివి 1953లో ప్రచురించిన వ్యాసములో మరొక ముఖ్యవిషయమును చెప్పినాడు. బిడ్డ తల్లిని విడిచి ఉండటము నేర్చుకొనే దశలో ఒక మెత్తని వస్తువును పట్టుకొంటాడు. అది దుప్పటి కొస కావచ్చును, గుడ్డపీలిక కావచ్చును, ఎలుగుబొమ్మ కావచ్చును. అది తల్లి కాదని బిడ్డకు తెలుసు. కాని ఉత్త వస్తువు కూడ కాదు. లోపలి మనస్సుకు, బయటి ప్రపంచమునకు మధ్య వంతెన వంటిది. అది మాసినా, వాసన వేసినా తల్లి దానిని ఉతకటానికి జంకుతుంది. ఉతికితే బిడ్డ అనుభవములో ఒక తెగు పడుతుందని ఆమెకు తెలుసునని వినికాట్ గమనించినాడు. అమ్మ పాతచీరను పట్టుకొంటేనే నిద్రపోయే బిడ్డలను ఎరిగిన తెలుగు ఇళ్ళకు ఈ మాట కొత్త కాదు.

అసలుది, నకలుది

సేకర్తల ప్రవర్తనను అర్థము చేసుకోవటానికి ఎక్కువగా పనికివచ్చే ప్రయోగము 2008లో ప్రచురింపబడినది. దానిని చేసినవారు బ్రూస్ హుడ్, పాల్ బ్లూమ్. 3 నుండి 6 సంవత్సరముల పిల్లలకు వారు రెండు పెట్టెలు ఉన్న ఒక యంత్రమును చూపినారు. ఒక పెట్టెలో వస్తువును ఉంచితే రెండవ పెట్టెలో అచ్చముగా అటువంటిదే మరొకటి తయారవుతుందని నమ్మించినారు. నిజానికి అది గారడీ. తరువాత పిల్లలు రోజూ పక్కలో పెట్టుకొనే బొమ్మను తెమ్మని, దానికి ‘నకలు’ తీసినట్లు నటించి, ఏది కావాలని అడిగినారు. మామూలు ఆటవస్తువుల విషయములో నకలు తీసుకోవటానికి పిల్లలు వెనుదీయలేదు. పక్కబొమ్మ విషయములో మాత్రము ఎక్కువమంది అసలుదే కావాలన్నారు. కొందరు దానిని పెట్టెలో పెట్టటానికే ఒప్పుకోలేదు.

రంగు, ఆకారము, మెత్తదనము అన్నీ ఒక్కటే అయినపుడు తేడా ఎక్కడ ఉన్నది? వస్తువులో లేదు; దాని చరిత్రలో ఉన్నది. ‘ఇది నాతో ఉన్నది’ అనే సంగతికి నకలు తీయటము సాధ్యము కాదు. ఈ భావము బాల్యముతో పోయేది కాదు. 2010లో హుడ్ బృందము పెద్దలచేత వారి చిన్ననాటి బొమ్మల ఫొటోలను కత్తెరతో కత్తిరింపజేసి, అదే సమయమున వారి చర్మపు విద్యుద్వాహకతను కొలిచినది. ఉద్వేగము కలిగినపుడు చెమట స్వల్పముగా పెరిగి ఈ వాహకత హెచ్చుతుంది. కత్తిరిస్తున్నది ఉత్త కాగితమే అని తెలిసినా, వేరే వస్తువుల ఫొటోలను కత్తిరించినప్పటికంటే ఎక్కువ ఉద్వేగము నమోదైనది.

టెడ్డీ గర్ల్ ధరకు మూలము ఇక్కడ కనిపిస్తున్నది. మరొక ఉదాహరణము అల్ఫోంజో అనే ఎర్రని ఎలుగు. 1908లో రష్యా రాజవంశీయుడు గ్రాండ్ డ్యూక్ జార్జి మిహైలోవిచ్ తన చిన్న కూతురు జేనియా కొరకు స్టైఫ్ సంస్థచేత దీనిని ప్రత్యేకముగా చేయించినాడు. 1914లో ఆమె ఇంగ్లండులో ఉండగా మొదటి ప్రపంచయుద్ధము వచ్చిపడినది. తరువాత రష్యాలో విప్లవము చెలరేగినది. 1919లో తండ్రిని కాల్చివేసినారు. ఆయన ఇచ్చిన ఎర్ర ఎలుగును ఆమె జీవితాంతము దాచుకొన్నది. 1989లో దానిని వేలము వేయగా 12,100 పౌనులు పలికినది. కొన్నవారు చెల్లించినది బట్టకు కాదు. ఒక తండ్రి చేతినుండి ఒక కూతురి చేతికి అది వచ్చినదన్న నిజమునకు.

దాచిన ప్రేమ బయటపడుట

చాలకాలము పెద్దలు ఈ అభిమానమును సిగ్గుతో దాచుకొన్నారు. ఇంగ్లీషు నటుడు పీటర్ బుల్ 1969లో టెడ్డీబేర్లను గురించి ఒక పుస్తకము వ్రాసినాడు. ఎందరో పెద్దలు తమ చిన్ననాటి ఎలుగులను గురించి ఆయనతో చెప్పుకొన్నారు, ఉత్తరములు వ్రాసినారు. బొమ్మను తల్లి పారవేసినదన్న బాధను ముసలితనములో కూడ మరువలేనివారు వారిలో ఉన్నారు. సేకరణ ఒక ఉద్యమముగా బలపడినది ఆ తరువాతనే. సంఘములు, సంతలు, ప్రత్యేకపు వేలములు వచ్చినవి. సేకర్తలనుండే పుట్టిన కొన్ని సంఘములు ఆసుపత్రులలోని పిల్లలకు, ప్రమాదములలో చిక్కిన పిల్లలకు ఎలుగుబొమ్మలు పంచే పని పెట్టుకొన్నవి. అనేక దేశములలో వైద్యవిద్యార్థులు ‘టెడ్డీ ఆసుపత్రులు’ నడుపుతున్నారు. బిడ్డ తన బొమ్మను రోగిగా తెస్తాడు. విద్యార్థి దాని గుండె చప్పుడు విని, కట్టు కట్టి పంపుతాడు. తెల్లకోటును చూచి జడిసే భయము ఆటలో కరగుతుంది.

బొమ్మ వయస్సును నిర్ణయించుట

విలువ చరిత్రలో ఉన్నదంటే, చరిత్రను కల్పించేవారు కూడ బయలుదేరుతారు. కొత్త బొమ్మను అరగదీసి, మురికి పట్టించి, పాతదని అమ్మే మోసములు ఉన్నవి. అందువల్ల సేకర్తకు శాస్త్రజ్ఞానము అలంకారము కాదు, ఆత్మరక్షణ.

మొదటి సాక్షి బట్ట. పాత టెడ్డీబేర్ల నూగు మోహేర్ తో నేసినది. ఇది అంగోరా మేక వెంట్రుక. అంగోరా కుందేలు బొచ్చు వేరు. తుర్కీలోని అంకారా నగరపు పాతపేరే అంగోరా. గొర్రె ఉన్ని పీచుమీద ఉండే పొలుసులు పైకి లేచి ఉంటవి. మోహేర్ పొలుసులు పల్చగా, పీచును అంటుకొని ఉంటవి. అందుచేత వెలుగు చెదరక తిరిగివచ్చి పట్టువంటి మెరుపు కలుగుతుంది. తరువాతి కాలములో కృత్రిమపు పీచులు వచ్చినవి. ఒక్క పోగును కాల్చితే తేడా తెలుస్తుంది. మోహేర్ వెంట్రుక కాలిన కంపు కొట్టి, వ్రేళ్ళతో నలిపితే పొడి అయ్యే బూడిదనిస్తుంది. పాలిఎస్టర్ కరగి గట్టిపూస అవుతుంది.

రెండవ సాక్షి లోపలి కూర్పు. మొదట పోగులవలె సన్నగా తరిగిన చెక్కను కూరేవారు. నొక్కితే కరకర లాడుతుంది. తరువాత బ్రిటిష్ తయారీదార్లు కపోక్ ను విరివిగా వాడినారు. కపోక్ అంటే తెల్లబూరుగు దూది. తెలుగుదేశములో పరుపులకు, తలగడలకు వాడే బూరుగుదూది జాతిదే. దీని పీచు లోపల బోలుగా ఉండి, పైన మైనపు పూత కలిగి ఉంటుంది. అందుచేత తేలిక, నీరు పట్టదు. ఒకప్పుడు నావికుల రక్షణ కవచములలో కూడ దీనినే నింపేవారు. పాలిఎస్టర్ కూర్పు ఇంకా తరువాతిది.

మూడవ సాక్షి కళ్ళు. తొలినాటివి బూటు గుండీలు. తరువాత గాజు కళ్ళు, ఆ తరువాత ప్లాస్టిక్ కళ్ళు. గాజు కళ్ళను తీగతో గుచ్చేవారు. పిల్లలు పీకి నోటిలో పెట్టుకొనే ప్రమాదము ఉండేది. వేల్స్ లో బొమ్మలు తయారుచేసిన వెండీ బోస్టన్ 1948లో మరతో బిగించే కళ్ళను, 1954లో నిలువునా ఉతకదగిన ఎలుగును తెచ్చినది. పసిపిల్లల చేతికి పురాతనపు బొమ్మను ఇవ్వరాదనటానికి ఈ కళ్ళే ముఖ్యకారణము.

స్టైఫ్ బొమ్మలకు 1904 నుండి చెవిలో లోహపు గుండీ ఉన్నది. మొదట దానిమీద ఏనుగు గుర్తు ఉండేది, తరువాత అక్షరములు వచ్చినవి. గుండీని ఒక బొమ్మనుండి ఇంకొకదానికి మార్చవచ్చును గనుక అదొక్కటే చాలదు. ఆ కాలపు కొన్ని ఎలుగుల అవయవములను లోపల లోహపు కడ్డీలతో సంధించేవారు. బొమ్మను విప్పకుండ ఆ కడ్డీలను చూడటానికి సేకర్తలు ఎక్స్-రే తీయిస్తారు!

మరొక సాధనము అతినీలలోహిత దీపము. 1940 తరువాతి దశాబ్దములలో బట్టలసబ్బులలో, దారములలో తెల్లదనము హెచ్చించే ప్రతిదీప్తి ద్రవ్యములు ప్రవేశించినవి. ఇవి కంటికి కనిపించని అతినీలలోహిత కిరణములను గ్రహించి నీలిరంగు వెలుగును విడుస్తవి. 1905 నాటిదని చెప్పిన బొమ్మ కుట్టుదారము చీకటిలో నీలముగా మెరిస్తే సందేహించవలసినదే. అయితే తొందరపడరాదు. అసలైన పాతబొమ్మను ఎవరో కొత్తసబ్బుతో తుడిచి ఉండవచ్చును. చిరిగినచోట తరువాత కుట్టి ఉండవచ్చును. అందుచేత సబ్బు చేరని లోపలి కుట్లను కూడ చూచి, మిగిలిన సాక్ష్యములతో కలిపి తీర్పు చెప్పాలి. ఒక్క పరీక్షతో నిశ్చయానికి రావటము శాస్త్రపద్ధతి కాదు.

బొమ్మకు శత్రువులు

మోహేర్ కెరాటిన్ అనే మాంసకృత్తుతో నిర్మితమైనది. కెరాటిన్ గొలుసులను గంధకపు బంధములు గట్టిగా కలిపి ఉంచుతవి. కనుక చాల జంతువులకు ఇది అరగదు. కాని ఉన్నిబట్టలను తినే చిమ్మట పురుగు, తివాచీలను తినే పెంకుపురుగు లార్వా దీనిని అరిగించుకోగలవు. చిమ్మట లార్వా జీర్ణనాళములోని రసాయన పరిస్థితులు ఆ గంధకపు బంధములను తెంచివేస్తవి. రెక్కలు వచ్చిన చిమ్మట ఏమీ తినదు; బట్టను తినేది లార్వాయే. కనుక ఎగిరే పురుగును చంపి సంతోషించటము వలన ప్రయోజనము లేదు. గ్రుడ్లు అప్పటికే నూగు మొదళ్ళలో ఉండవచ్చును.

మ్యూజియములలో దీనికి విషపు మందుకంటె చలిని ఎక్కువగా నమ్ముతారు. బొమ్మను పాలిథీన్ సంచిలో గాలి చొరకుండ మూసి, -30 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద సుమారు 3 రోజులు ఉంచుతారు. ఇంటి ఫ్రీజరులో సుమారు -18 డిగ్రీలే ఉంటుంది గనుక రెండు వారములు అవసరము. బయటికి తీసిన తరువాత గది వేడిమికి వచ్చేవరకు సంచిని విప్పరాదు. విప్పితే గాలిలోని తేమ చల్లని బట్టమీద నీరుగా పేరుకొంటుంది.

ఎండ మరొక శత్రువు. అది రంగును విరిచి, పీచును పెళుసు చేస్తుంది. నీరు ఇంకొకటి. పాతబొమ్మను నీటిలో ముంచితే లోపలి చెక్కపోగులు ఉబ్బి కుళ్ళుతవి, కీళ్ళలోని అట్టబిళ్ళలు మెత్తబడుతవి, ఇనుపచీలలు త్రుప్పు పట్టుతవి. కనుక తెలిసినవారు మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, అవసరమైతే సబ్బునురుగును మాత్రమే పైపైన తాకించి తుడుస్తారు.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉన్నది. అరిగిన ముక్కు ఒక బిడ్డ వేల రాత్రులు ముద్దుపెట్టుకొన్నందుకు గుర్తు. దానిని కొత్తదారముతో కుట్టితే బొమ్మ అందముగా ఉంటుంది, కాని సాక్ష్యము చెరిగిపోతుంది. కుట్టకపోతే చిరుగు పెద్దదై బొమ్మే చెడుతుంది. శిథిలమైన ఆలయమును బాగుచేసే శిల్పికి వచ్చే సమస్య కూడ ఇదే. చెడు ఆగేటంతవరకే బాగుచేయటము, చేసినదానిని వ్రాసి ఉంచటము, అవసరమైతే తిరిగి విప్పటానికి వీలుండేటట్లు చేయటము - ఇదే సంరక్షకుల నియమము.

పాఠశాలలో చేయదగిన పరిశీలనలు

ఈ విషయమును తరగతిలో పరిశీలించటానికి ఖరీదైన బొమ్మలు అక్కరలేదు. విద్యార్థులు ఇళ్ళనుండి తెచ్చిన జంతుబొమ్మలను, పుస్తకములలోని నిజమైన జంతువుల ఫొటోలను ప్రక్కనుండి కొలవవచ్చును. కంటినుండి నడినెత్తికి గల దూరమును కంటినుండి తల అడుగునకు గల దూరముతో భాగించాలి. బొమ్మలకు వచ్చిన సంఖ్యలను, నిజమైన జంతువులకు వచ్చిన వాటిని పట్టికగా వ్రాసి పోల్చితే లోరెంజ్ చెప్పినదేమిటో పిల్లలకు తామే కనుగొన్నట్లు తెలుస్తుంది. తల వెంట్రుక, నూలుపోగు, పాలిఎస్టర్ దారము - ఈ మూడింటిని చిమ్మటతో పట్టుకొని, ఉపాధ్యాయుని సమక్షములో కాల్చి వాసనను, బూడిదను పోల్చవచ్చును. బూరుగుదూదిని, మామూలు ప్రత్తిదూదిని నీటిమీద వేసి ఏది ముందు మునుగుతుందో చూడవచ్చును.

బొమ్మ, జంతువు

టెడ్డీబేరు లోకమంతటా కోట్ల సంఖ్యలో పెరుగుతున్న కాలముననే, దానికి పేరు తెచ్చిన మిసిసిపి ప్రాంతపు నల్ల ఎలుగు తరిగిపోయినది. అది నివసించే అడవులను నరికి పొలములుగా మార్చినారు. లూయిసియానా నల్ల ఎలుగు అని పిలిచే ఈ ఉపజాతిని 1992లో అమెరికా ప్రభుత్వము ప్రమాదములో ఉన్న జంతువుల పట్టికలో చేర్చినది. అడవులను తిరిగి పెంచి, కాపాడిన ఫలితముగా సంఖ్య కోలుకొని, 2016లో దానిని ఆ పట్టికనుండి తొలగించినారు.

గుండ్రని ముఖమును చూచి కరగటము మానవ స్వభావము. దానికి శిక్షణ అక్కరలేదు. పొడుగాటి మూతి, గూని వీపు, పదునైన గోళ్ళు ఉన్న నిజమైన ఎలుగు ఆ విధముగా మనస్సును లాగదు. దాని అడవిని కాపాడటానికి తెలిసి తెలిసి ఆలోచించాలి, కొలవాలి, చట్టములు చేయాలి. మొదటిది ప్రకృతి ఉచితముగా ఇచ్చినది. రెండవది విద్యవల్ల రావలసినది.